అచ్చయిన వ్యాసం, దాచిన వ్యాసం

అమెరికా సామ్రాజ్యవాదం గురించి మాట వచ్చినప్పుడల్లా మార్క్ ట్వేన్‌ని సాక్షిగా పిలవడం విమర్శకులకి అలవాటయింది. అందులో తప్పేమీ లేదు. నండూరి రామమోహనరావు అనువాదాలతో టామ్ సాయర్‌గా, హకల్‌బెరీ ఫిన్‌గా తెలుగు పిల్లల చేతుల్లోకి వచ్చిన ఆ రచయిత, ముసలితనంలో తన ప్రభుత్వం మీదే కలం ఎత్తి ఫిలిప్పీన్స్ యుద్ధాన్ని దోపిడీ కింద జమకట్టాడు. 1901 ఫిబ్రవరిలో ‘నార్త్ అమెరికన్ రివ్యూ’ పత్రికలో వచ్చిన ‘చీకటిలో కూర్చున్న మనిషికి’ అనే వ్యాసం ఆయన రాసిన వాటిల్లో బాగా పదునైనది. అయితే అదే ఏడాది ఆయన ఇంకో వ్యాసం కూడా రాశాడు. అమెరికా సంయుక్త రాష్ట్రాలని లించింగ్ సంయుక్త రాష్ట్రాలుగా పేరు మార్చి పిలిచిన వ్యాసం అది. దాన్ని ఆయన అచ్చుకి ఇవ్వలేదు. 1910లో చనిపోయాడు. 1923లో గానీ అది బయటికి రాలేదు.

సముద్రం అవతల జరిగిన హింస మీద రాసింది అచ్చయింది. సొంత రాష్ట్రంలో జరిగిన హింస మీద రాసింది సొరుగులో ఉండిపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవకపోతే అమెరికా సామ్రాజ్యవాదం ఎట్లా పుట్టిందో సగమే అర్థమవుతుందని మా వాదన.

సామ్రాజ్యవాదం ఎందుకు పుట్టిందంటే అభ్యుదయ విమర్శ దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది: పెట్టుబడికి మార్కెట్లు కావాలి గనక. 1893లో అమెరికాని పెద్ద మాంద్యం కుదిపేసింది. అదే ఏడాది హవాయిలో చక్కెర పెట్టుబడిదార్లు, వాళ్ల మనుషులు కలిసి, అమెరికా నౌకాదళ సైనికులు ఒడ్డున దిగి అండగా నిలబడగా, రాణి లిలియుఓకలానిని గద్దె దించారు. సముద్రాల మీద పట్టు ఉన్న దేశానిదే పెత్తనమని ఆల్‌ఫ్రెడ్ మహాన్ 1890లోనే పుస్తకం రాసి పెట్టాడు. చైనా మార్కెట్ మీద వ్యాపారుల కన్ను ఉండనే ఉంది. ఇవన్నీ నిజాలే. మేం కాదనం. కానీ మార్కెట్ ఎందుకు కావాలో ఈ జవాబు చెబుతుంది గానీ, లక్షలాది మందిని వాళ్ల సమ్మతితో పనిలేకుండా పాలించవచ్చు అన్న ధీమా ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు. ఆ ధీమా ఇంట్లో నేర్చుకున్నదే. ఆదివాసుల భూముల మీద, నల్లవాళ్ల వాడల మీద తరాల తరబడి సాధన చేసిన విద్య అది.

1898 క్యాలెండరు తీసి చూద్దాం. ఫిబ్రవరి 15న హవానా రేవులో ‘మెయిన్’ అనే అమెరికా యుద్ధనౌక పేలిపోయి 260 మందికి పైగా చనిపోయారు. పత్రికలు స్పెయిన్ మీద పగబట్టాయి. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 22న, దక్షిణ కరోలినాలోని లేక్ సిటీలో ఫ్రేజర్ బేకర్ ఇంటికి తెల్లవాళ్ల గుంపు నిప్పుపెట్టింది. బేకర్ నల్లవాడు, ఆ ఊరి పోస్టుమాస్టరు. ఒక నల్ల మనిషి ప్రభుత్వ ఉద్యోగంలో తమ ఉత్తరాలు ముట్టుకోవడం ఊరి పెద్దలకి నచ్చలేదు. మంటల్లోంచి బయటపడబోతున్న ఆయన్ని కాల్చి చంపారు. తల్లి చంకలో ఉన్న పసిబిడ్డనీ చంపారు.

నౌకలో చనిపోయినవాళ్లూ ప్రభుత్వ సేవకులే, బేకరూ ప్రభుత్వ సేవకుడే. ఆ చావుల మీద రగిల్చిన ఆవేశం ఏప్రిల్‌లో యుద్ధం దాకా వెళ్లింది. ఈ చావుకి 1899లో విచారణ జరిగింది, జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, ఎవరికీ శిక్ష పడలేదు. ఆ మార్చిలో ఐడా బి. వెల్స్ అనే నల్ల పత్రికా రచయిత్రి వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు మెకిన్లీని కలిసింది. విదేశీయుల్ని ఇక్కడ లించింగ్ చేస్తే ఆ దేశాలకి నష్టపరిహారం కడుతున్నారు, మరి సొంత పౌరుడి కుటుంబానికి ఎందుకు కట్టరని నిలదీసింది. ఆమె అడిగింది చాలా చిన్న ప్రశ్న. జవాబు మాత్రం రాలేదు.

మే 1న అమెరికా నౌకాదళం మనీలా రేవులో స్పెయిన్ నౌకల్ని ముంచింది. జూన్ 12న ఎమీలియో అగినాల్డో ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యాన్ని ప్రకటించాడు. జూలైలో హవాయి విలీనం అయింది. ఆ శరదృతువులో పారిస్‌లో స్పెయిన్, అమెరికా ప్రతినిధులు బేరాలాడుతున్నారు. ఆ బల్ల దగ్గర ఫిలిప్పీన్స్ మనిషికి గానీ క్యూబా మనిషికి గానీ కుర్చీ లేదు. ఆ బేరాలు సాగుతుండగానే, నవంబరు 10న, ఉత్తర కరోలినాలోని విల్మింగ్టన్‌లో ఆయుధాలు పట్టిన తెల్లవాళ్లు నల్లవాళ్లని చంపి, అలెగ్జాండర్ మాన్లీ నడిపే నల్లవాళ్ల పత్రిక ఆఫీసుని తగలబెట్టి, నల్లవాళ్లకి చోటున్న మున్సిపల్ పాలకవర్గాన్ని బలవంతంగా రాజీనామా చేయించారు. అధ్యక్షుడు సైన్యాన్ని పంపలేదు. సైన్యం మనీలాలో ఉంది. సరిగ్గా నెలకి, డిసెంబరు 10న, పారిస్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ప్యూర్టోరికో, గువామ్, ఫిలిప్పీన్స్ అమెరికా పరమయ్యాయి. ఫిలిప్పీన్స్‌కి స్పెయిన్‌కి ముట్టింది 2 కోట్ల డాలర్లు. ఫిలిప్పీన్స్ ప్రజలకి ముట్టింది యుద్ధం.

1899 ఫిబ్రవరి 4న మొదలైన ఆ యుద్ధం 1902 జూలై 4న ముగిసిందని అమెరికా ప్రకటించింది. 4 వేల పైచిలుకు అమెరికా సైనికులు చనిపోయారు. ఫిలిప్పీన్స్ వైపు యోధులు 20 వేల దాకా, మామూలు జనం యుద్ధంతో, కరువుతో, కలరాతో కనీసం 2 లక్షల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. పట్టుబడినవాళ్ల నోట్లో బిందెలకొద్దీ నీళ్లు పోసి పొట్ట మీద తొక్కే చిత్రహింసకి ‘నీటి వైద్యం’ అని పేరు పెట్టారు. సమర్ దీవిలో పదేళ్లు దాటిన వాళ్లందర్నీ చంపమని జనరల్ జేకబ్ స్మిత్ ఆజ్ఞ ఇచ్చాడు. 1902లో సైనిక విచారణ జరిగితే అతనికి పడింది మందలింపు, తర్వాత పదవీ విరమణ. క్యూబాలో స్పెయిన్ జనాన్ని శిబిరాల్లో కుక్కిందని గగ్గోలుపెట్టి యుద్ధానికి దిగిన అమెరికా, బటంగాస్‌లో అదే పని తానూ చేసింది.

ట్వేన్ వ్యాసానికి ఇదీ నేపథ్యం. చీకట్లో కూర్చున్న మనిషి అన్న మాట మత్తయి సువార్తలోది, బైబిలు చదివే మన పేటల్లో చాలామందికి తెలిసిందే. మిషనరీలు దాన్ని అన్యమతస్థుల మీద ప్రయోగించేవారు. ట్వేన్ దాన్ని తలకిందులు చేశాడు. నాగరికతని ఒక వ్యాపార సంస్థగా చూపించాడు. ఎగుమతి సరుకుకి పైన అందమైన చుట్టుకాగితం ఉంటుంది, లోపల ఉన్నదానికి మాత్రం కొనేవాడు తన రక్తం, భూమి, స్వేచ్ఛ చెల్లించుకోవాలి. ఆ మనిషి ఇప్పుడు అనుమానపడుతున్నాడు, వ్యాపారం దెబ్బతింటోంది, కాస్త జాగ్రత్తగా సర్దిచెప్పాలి అని యజమానికి సలహా ఇస్తున్న గుమాస్తా గొంతుతో వ్యాసం నడుస్తుంది. చివరికి జెండాలో తెల్ల చారలకి నల్లరంగు వేసి, నక్షత్రాల చోట పుర్రె, ఎముకల గుర్తు పెడితే సరిపోతుందంటాడు. ఈ వెటకారంలో బలం ఉంది. క్యూబా కోసమంటూ జరిగిన యుద్ధాన్ని మొదట సమర్థించి, ఫిలిప్పీన్స్‌ని చూసి మారిన మనిషి కోపం అది.

అయినా మాకో అభ్యంతరం ఉంది. వ్యాసం పొడుగునా చీకట్లో కూర్చున్న మనిషి కూర్చునే ఉంటాడు. అతని గురించి మాట్లాడతారు, అతను మాట్లాడడు. వాస్తవంలో అతను చీకట్లోనూ లేడు, కూర్చోనూ లేదు. 1896లో స్పెయిన్ కాల్చి చంపిన హోసే రిజాల్ అప్పటికే రెండు నవలలు రాశాడు. 1898లో ఆంటోనియో లూనా సంపాదకుడిగా ‘లా ఇండిపెండెన్సియా’ పత్రిక వచ్చింది. అపోలినారియో మాబిని రాజ్యాంగం గురించి, విప్లవం గురించి రాసి, అమెరికాకి విధేయత ప్రమాణం చెయ్యనన్నందుకు 1901లో గువామ్‌కి బహిష్కృతుడయ్యాడు. సామ్రాజ్యాన్ని తిట్టే మంచి మనసు కూడా పీడితుణ్ణి శ్రోతగానే ఊహించుకుంటుందనడానికి ఈ వ్యాసం ఒక ఉదాహరణ. మన తరఫున మాట్లాడేవాళ్లని చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి మాకిది వెంటనే కంటపడింది.

ఇక దాచిన వ్యాసం. 1901 ఆగస్టులో, ట్వేన్ పుట్టిన మిస్సోరీ రాష్ట్రంలోనే, పియర్స్ సిటీలో ముగ్గురు నల్లవాళ్లని చంపి, ఇళ్లు తగలబెట్టి, ఊళ్లో ఉన్న నల్ల కుటుంబాలన్నిటినీ తరిమేశారు. ఆ వార్త చదివి ట్వేన్ ఈ వ్యాసం రాశాడు. లించింగుల చరిత్ర మీద ఒక పుస్తకమే వెయ్యాలనుకున్నాడు. ఇది దానికి ముందుమాట. చైనాలో ఉన్న అమెరికా మిషనరీలని వెనక్కి పిలిపించి మన దక్షిణాదిలో లించింగులు ఆపే పనిలో పెట్టండి అంటాడిందులో. రెండు వ్యాసాలూ కలిసే చోటు ఇదే. ఇంటికీ బయటికీ సంబంధం ఉందని ఆయనకి తెలియక కాదు. 1896లో బొంబాయి హోటల్లో ఒక యూరోపియన్ తన నౌకరుని చెంపమీద కొడితే, చిన్నప్పుడు మిస్సోరీలో బానిసలని కొట్టడం గుర్తొచ్చిందని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. చూసే కన్ను ఉంది.

మరి ఎందుకు దాచాడు? పుస్తకం వేస్తే దక్షిణాదిలో తనకి సగం స్నేహితుడు కూడా మిగలడని ప్రచురణకర్తకి ఉత్తరం రాశాడు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. యుద్ధాన్ని ఎగతాళి చేసిన ‘యుద్ధ ప్రార్థన’ కూడా ఆయన పోయాక 1923లోనే అచ్చయింది. కానీ దాన్ని 1905లో ఆయన పత్రికకి పంపాడు, పత్రికవాళ్లు తిప్పి పంపారు. లించింగ్ వ్యాసాన్ని ఎవరూ తిప్పి పంపలేదు. రాసినవాడూ ఆయనే, దాచినవాడూ ఆయనే. ఇందులో ఇంకో విచిత్రం ఉంది. జనం లించింగులకి ఎందుకు పోతారన్న ప్రశ్నకి ఆ వ్యాసం చెప్పే జవాబు, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న భయం అని. ధైర్యమున్న ఒక్కడు ఎదురు నిలిస్తే గుంపు చెదిరిపోతుందట. ఆ భయమే ఆయన వ్యాసాన్ని సొరుగులో పెట్టించింది.

ఆ జవాబు కూడా మాకు సరిపోదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత చదువుతున్న మేం, గుంపుహత్యని పిరికితనం లెక్కలో వెయ్యడానికి ఒప్పుకోం. ట్వేన్ కంటే తొమ్మిదేళ్లు ముందే, 1892లో, వెల్స్ అసలు సంగతి తేల్చింది. మెంఫిస్‌లో ఆమె స్నేహితుడు, అతని ఇద్దరు తోటివాళ్లు కిరాణా కొట్టు పెట్టి తెల్ల వ్యాపారికి పోటీగా నిలబడ్డందుకు ముగ్గుర్నీ చంపేశారు. మానభంగం అన్నది చాలాచోట్ల సాకేననీ, నల్లవాడి ఆస్తినీ ఓటునీ తలెత్తుకోవడాన్నీ అణచడమే దాని పని అనీ ఆమె కేసుకేసు లెక్కగట్టి చూపించింది. అందుకు ఆమె పత్రిక ఆఫీసుని ధ్వంసం చేశారు. ఇక ఆ ఊరికి తిరిగి రానివ్వలేదు. ట్వేన్‌కి స్నేహితులు పోతారన్న భయం, వెల్స్‌కి ఊరే పోయింది. సాక్షిగా ఎవర్ని ముందు పిలవాలి?

ట్వేన్ ఒక్కడి సంగతే అయితే ఇంత రాయనక్కర్లేదు. 1898 నవంబరులో బోస్టన్‌లో పుట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక లీగులోనూ, దాని చుట్టూ జరిగిన చర్చలోనూ ఇదే పగులు కనిపిస్తుంది. కార్మిక నాయకుడు శామ్యూల్ గాంపర్స్ ఫిలిప్పీన్స్ విలీనాన్ని వ్యతిరేకించాడు. ఎందుకు? చౌక ఆసియా కూలీలు వచ్చి తెల్ల కార్మికుడి కూడు లాక్కుంటారని. కిప్లింగ్ 1899 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్‌ని మొయ్యమని అమెరికాని పురిగొల్పుతూ తెల్లవాడి బరువు మీద పద్యం అచ్చేస్తే, ఫిబ్రవరి 7న దాన్ని సెనేట్‌లో చదివి వినిపించినవాడు బెన్ టిల్‌మన్. అతను విలీనానికి వ్యతిరేకి. దక్షిణ కరోలినాలో నల్లవాళ్ల ఓటు ఊడగొట్టానని గొప్పలు చెప్పుకునే మనిషి. ఆ బరువు మేం ఇక్కడ మోస్తూనే ఉన్నాం, ఇంకో రంగు జనాన్ని నెత్తికెత్తుకోవద్దు అన్నది అతని వాదం. అక్కడ మీరు చేస్తున్నది చూశాక, ఇక్కడ మేం చేస్తున్నదాన్ని ఏ మొహంతో తప్పుపడతారని ఉత్తరాది రిపబ్లికన్లని ఎద్దేవా చేశాడు. దుర్మార్గుడే గానీ సంబంధాన్ని సరిగ్గా పట్టుకున్నాడు.

లీగులో అందరూ ఇట్లాంటివాళ్లని మేం అనడంలేదు. 1905 నుంచి లీగు అధ్యక్షుడిగా ఉన్న మూర్‌ఫీల్డ్ స్టోరీ, 1909లో నల్లవాళ్ల హక్కుల కోసం పుట్టిన జాతీయ సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఇంటినీ బయటినీ కలిపి చూడటం ఒక తెల్ల లాయరుకి సాధ్యమయిందంటే, తక్కినవాళ్లకి అది కాలం గీసిన హద్దు అని సర్దిచెప్పే వీల్లేదు.

ఈ సంబంధం చట్టంలో ఎంత నిక్కచ్చిగా ఉందో చూడండి. 1896లో రైల్లో నల్లవాళ్లకి వేరే పెట్టె పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని ప్లెసీ కేసులో తీర్పు రాసిన జడ్జి హెన్రీ బిల్లింగ్స్ బ్రౌన్. 1901లో ప్యూర్టోరికో నుంచి న్యూయార్క్ వచ్చిన నారింజపళ్ల మీద సుంకం వెయ్యొచ్చా అన్న డౌన్స్ కేసులో ప్రధాన అభిప్రాయం రాసిందీ ఆ బ్రౌనే. దీవి అమెరికాదే, కానీ రాజ్యాంగం పూర్తిగా దానికి వర్తించదన్నారు. ఆ కేసులో జడ్జి వైట్ అల్లిన సిద్ధాంతమే తర్వాత నిలిచింది. వైట్ కుర్రతనంలో బానిస యజమానుల పక్షాన సైన్యంలో పనిచేసినవాడు. రెండు కేసుల్లోనూ అసమ్మతి రాసిన జడ్జి హార్లన్ ఒకడున్నాడు. అతను కూడా ప్లెసీ అసమ్మతిలోనే చైనావాళ్లని వేరే జాతి అని చిన్నబుచ్చాడు. లోపల ఉంటూనే బయట ఉండటం అంటే ఏంటో ఊరికీ వాడకీ మధ్య గీత తెలిసినవాళ్లకి వివరించక్కర్లేదు. వాడ ఊరిదే, కానీ బావి అందరిదీ కాదు. బ్రౌన్ రైలుపెట్టెకి గీసిన గీతే అయిదేళ్లలో సముద్రం మీద గీశాడు.

మరి ఆ గీతకి కిందవైపు ఉన్నవాళ్లు ఏం చేశారు? ఇక్కడ మేం కథని తీపి చెయ్యదల్చుకోలేదు. నల్ల సైనికులు వేలల్లో ఫిలిప్పీన్స్ వెళ్లారు, సామ్రాజ్యం తరఫునే పోరాడారు. యుద్ధంలో శౌర్యం చూపిస్తే ఇంట్లో గౌరవం దక్కుతుందని నల్ల నాయకుల్లో కొందరు ఆశపడ్డారు. అది దక్కలేదు. ఇంకొందరికి కళ్లు తెరుచుకున్నాయి. ఇంట్లో తమని పిలిచే బూతుమాటతోనే తెల్ల సైనికులు ఫిలిప్పీన్స్ వాళ్లని పిలుస్తున్నారని నల్ల సైనికులు ఉత్తరాలు రాశారు, నల్ల పత్రికలు వాటిని అచ్చేశాయి. 1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోస్ అనే నల్ల కూలీని జనం చూస్తుండగా సజీవంగా తగలబెట్టారు. ఆ పేరు ఎత్తి, మీ వాళ్లని చంపేవాళ్ల కోసం మమ్మల్ని చంపుతారా అని ఫిలిప్పీన్స్ విప్లవకారులు నల్ల సైనికులకి కరపత్రాలు పంచారు. 24వ పదాతి దళానికి చెందిన డేవిడ్ ఫాగన్ 1899 నవంబరులో అటువైపు వెళ్లిపోయి వాళ్ల సైన్యంలో కెప్టెనయ్యాడు. 1901 చివర్లో అతని తల అంటూ ఒకటి తెచ్చి చూపించారు. అది అతనిదేనా అన్న అనుమానం తీరలేదు. ట్వేన్ వ్యాసంలో నోరులేని మనిషి ఆ కరపత్రంలో మాట్లాడాడు. అమెరికా గురించి ట్వేన్ అచ్చెయ్యనిది అతను అచ్చేశాడు.

దీంట్లో మనకేం పని అని అడిగేవాళ్లుంటారు. 1873లో జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ని నల్లవాళ్ల బానిసత్వం పోగొట్టినందుకు అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. నాలుగేళ్లకే, 1877లో, ఆ ప్రజల ప్రభుత్వం దక్షిణాది నుంచి చెయ్యి వెనక్కి తీసుకుని నల్లవాళ్లని పాత యజమానులకి వదిలేసింది. 1898 నాటి సామ్రాజ్యం ఆ వదిలెయ్యడం మీదే నిలబడింది. 1946లో అంబేద్కర్, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు కావాలని డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. ఈ ఇద్దరూ అమెరికాని పొగడటానికో తిట్టడానికో చూడలేదు. అక్కడి కిందివాళ్లు ఏం చేస్తున్నారో, వాళ్ల నుంచి ఏం నేర్చుకోవచ్చో చూశారు. మేం కూడా ఆ దారినే పోవాలనుకుంటున్నాం.

సామ్రాజ్యవాద వ్యతిరేకత గొప్ప విలువే. కానీ అదొక్కటే కొలబద్ద అయితే టిల్‌మన్ కూడా పాసవుతాడు. బయటి దొరని తిట్టే రచయితని ఇంటి దొర గురించి ఏం రాశావు, రాసి ఏం చేశావు అని అడిగే హక్కు పాఠకుడికి ఉంది. ఈ ప్రశ్న అడిగితే ట్వేన్ చిన్నవాడైపోడు. ఆ కాలంలో ఏం అచ్చవుతుందో, ఏం సొరుగులో ఉంటుందో తేల్చింది ఎవరో మనకి తెలుస్తుంది.

ఇదంతా గడిచిపోయిన కథ కూడా కాదు. 1917 నుంచి అమెరికా పౌరులైనా, దీవిలో ఉంటున్నంతకాలం ప్యూర్టోరికోవాళ్లకి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. 2022లో, నిరుపేద వృద్ధులకీ వికలాంగులకీ ఇచ్చే ఫెడరల్ సాయాన్ని ఆ దీవివాసులకి ఇవ్వకపోయినా రాజ్యాంగానికి విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1901 నాటి ఆ తీర్పులకి రాజ్యాంగంలో ఆధారం లేదని, వాటిని కొట్టెయ్యాలని అదే కేసులో ఒక జడ్జి రాయాల్సి వచ్చింది. అంటే బ్రౌన్ గీత అప్పటికీ చెరగలేదు.

అందుకే మా మాట ఇది. ‘చీకటిలో కూర్చున్న మనిషికి’ వ్యాసాన్ని ఎవరైనా మన ముందు పెట్టినప్పుడు, దాచిన వ్యాసాన్నీ పక్కన పెట్టమందాం. దాని పక్కన వెల్స్ 1892లో వేసిన కరపత్రాన్ని, నల్ల సైనికుల ఉత్తరాలని, మాబిని రాతల్ని పెట్టమందాం. అన్నీ ఒకే అట్టల మధ్య ఉంచి చదివిన రోజున, సామ్రాజ్యం మీద మనం రాసే విమర్శలో పీడితుడు శ్రోతగా మాత్రమే మిగలడు.